గుండ్రటింటి గడప

నాకు ముక్కు మీదే కోపం. మా పల్లెలో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. పనిలో నాకు అడ్డం చెప్పినవాళ్ళతో నేను మళ్ళీ మాట కలిపింది లేదు. ముప్పై ఏళ్ళ వడ్రంగంలో ఎన్ని ఇళ్ళకు వాకిళ్ళు నిలబెట్టానో లెక్క లేదు గానీ, గడప లేకుండా ఒక్క వాకిలీ నిలబెట్టలేదని మాత్రం పదిమందిలో రొమ్ము విరుచుకుని చెప్పుకునేవాణ్ణి. ఆ గొప్ప గురించే ఇప్పుడు రాయాలి. రాయబోతే చెయ్యి ఆడడం లేదు. రాయకుండా కడుపులో పెట్టుకుని తిరగడం అంతకన్నా కష్టంగా ఉంది.

హోసూరు నుంచి కృష్ణగిరి వెళ్ళే హైవే పక్కన ఒక కాలేజీ ఉంది. దాని పేరు వద్దు. బయటి దేశాల పిల్లలు అక్కడికి చదువుకోవడానికి వస్తున్నారు. వాళ్ళకు హాస్టలు కట్టాలనుకున్నప్పుడు ఓనరుకు ఒక ముచ్చట పుట్టింది. ఏ దేశం పిల్లలకు ఆ దేశం తీరు ఇల్లు కట్టించాలట! అంతే, మామిడి తోట కొట్టేసిన జాగాలో ఐదు ఇళ్ళు లేచాయి. నేపాలు ఇంటికి చెక్కుడు కిటికీలు. భూటాను ఇంటికి రంగు రంగుల దూలాలు. అరబ్బు ఇంటికి నడిమధ్య ముంగిలి, చుట్టూ చెక్క జాలీలు. జపాను ఇంటికి పక్కకు జరిపే తలుపులు. ఇక ఆఫ్రికా దేశాలు ఎన్ని ఉన్నాయో ఏమో, అన్నిటికీ కలిపి ఒకటే గుండ్రటి ఇల్లు, దాని మీద బోదగడ్డి కప్పు. చెక్కపనంతా నాదే. నేపాలు కిటికీలు చెక్కడానికే నాకు రెండు నెలలు పట్టింది. జపాను ఇంటికి జపాను పిల్లలెవరూ రానే లేదు, అందులో ఇప్పుడు క్యారమ్ బోర్డులు ఆడుకుంటున్నారు.

ప్లాను గీసిన ఇంజినీరమ్మ బెంగుళూరు నుంచి వచ్చేది. చిన్న వయసు, నెమ్మదస్తురాలు. గుండ్రటింటి దగ్గర నిలబడి నాతో, "ఈ ఇంటికి గడప వద్దండీ. బయటి నేల, లోపలి నేల ఒకటే మట్టంలో ఉండాలి" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది.

"గడప లేకుంటే అది ఇల్లు కాదమ్మా, పశువుల కొట్టం."

"డ్రాయింగులో లేదు కదండీ."

"డ్రాయింగు మీది. వాకిలి నాది. మీ పని మీరు చేసినారు, నా పని నన్ను చేయనీండి."

ఆమె నవ్వి ఊరుకుంది. కాగితంలో గీసి ఉంది కదా, అదే చాలు అనుకుని ఉంటుంది. ఎందుకు వద్దో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. ఒక్క మాట, "ఎందుకమ్మా?" అని అడిగి ఉంటే నా నోటి ముత్యాలేమీ రాలిపోయేవి కావు.

మంచి రోజు చూసి గుండ్రటింటికి ద్వారబంధం నిలబెట్టాను. నాలుగు అంగుళాల ఎత్తున వేపచెక్క గడప. దాని కింద నవధాన్యాల మూట, ఒక పసుపు కొమ్ము పెట్టి, టెంకాయ కొట్టి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టాను. ఇంజినీరమ్మ మళ్ళీ వచ్చేసరికి గోడ సగం లేచింది. ఆమె మొహం మాడిపోయింది. నోరు తెరిచి ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే ఓనరు వచ్చి, పసుపు పూసిన గడప ముందు నిలబడి ఫోటో తీయించుకుని, "సూపర్ అప్పా, ఇది మన కల్చర్" అని నా భుజం తట్టాడు. ఇంకేముంది, నేను ఉబ్బిపోయాను. ఆమె తల వంచుకుని కారెక్కింది.

ఇళ్ళు పూర్తయ్యాక చిల్లర మరమ్మతులకని నన్ను అక్కడే పెట్టుకున్నారు. మా ఊరు వేప్పనపల్లి పక్కన పల్లె. పొద్దున్నే మోపెడ్ మీద వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. ఇంట్లో నా భార్య, మా అమ్మ. అమ్మకు నాలుగేళ్ళ కిందట తుంటి విరిగింది. అప్పటి నుంచి వాకర్ పట్టుకుని వంటింటికీ నడవకీ మధ్యనే తిరుగుతుంది. పిల్లలు హాస్టల్లో చేరే రోజుల్లోనే మా అమ్మాయి ఏడో నెలలో కాన్పుకు మా ఇంటికి వచ్చింది. దానికి ముందు ఒకసారి కడుపు నిలవలేదు. అందుకని ఇంటిల్లిపాదీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాం.

ఇంట్లో కడుపుతో ఉన్న బిడ్డ ఉంటే వడ్రంగి నిలబెట్టిన గడపను ఊడదీయకూడదు, కోయకూడదు, దానికి మేకు కొట్టకూడదు. ఇది మా నాన్న పెట్టిన కట్టడి. ఆయన పోయాక అమ్మ దాన్ని పట్టుకుంది. అమ్మాయి వచ్చిన రోజునే నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది.

"నాయనా, కొత్త పని ఏమన్నా చేసుకో. నిలబెట్టిన గడపను మాత్రం ముట్టబోకు. బిడ్డకు తగులుకుంటాది."

"నాకు తెలీదా మా?" అన్నాను.

గుండ్రటింటికి వచ్చిన పిల్ల టాంజానియా దేశం నుంచి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. చక్రాల కుర్చీలో వచ్చింది. చిన్నప్పుడు జబ్బు చేసి నడుము కింద చచ్చుబడిపోయిందట. చేతులు మాత్రం బలమైనవి, కాలేజీ రోడ్డు మీద ఆ కుర్చీని తోసుకుంటూ పోతుంటే నడిచేవాళ్ళు వెనకబడేవాళ్ళు. అలా వచ్చిన కుర్చీ గుండ్రటింటి వాకిట్లో నా గడపకు కొట్టుకుని టక్కుమని ఆగిపోయింది. నేను పక్కనే కిటికీకి గొళ్ళెం బిగిస్తున్నాను. ఇంజినీరమ్మ ఒకటే మట్టం అని ఎందుకన్నదో నాకు అప్పుడు అర్థమైంది.

ఊడ్చే పనికి వచ్చే ఆయమ్మ పరిగెత్తుకొచ్చి, వెనక నుంచి కుర్చీని ఎత్తి లోపలికి దాటించింది. హోసూరు పక్కన తళి ఊరి వైపు మనిషి, మా తెలుగే. ఆనాటి నుంచి అదే వరస. క్లాసుకు పోవాలంటే ఆయమ్మ రావాలి. క్లాసు నుంచి వచ్చాక ఆయమ్మ రావాలి. ఆయమ్మ వేరే ఇంట్లో ఉంటే ఆ పిల్ల వాకిలి ముందు ఎండలో పుస్తకం తెరుచుకుని కూర్చునేది. వేరే ఇంటికి మారుద్దామంటే తక్కిన నాలుగింటికీ మెట్లు. మామూలు ఆడపిల్లల హాస్టల్లో గదులన్నీ మేడ మీదే.

ఆ పిల్లకు మాటలంటే ఇష్టం. ఆయమ్మ దగ్గర తెలుగు పట్టేసింది. నన్నూ ఆయమ్మ పిలిచినట్టే ఆచారప్పా అని పిలిచేది. ఒకరోజు లోపల బీరువా సరిచేస్తున్నాను. గోడ గుండ్రం, బీరువా నలుపలకలది. ఎటు తిప్పినా వెనకాల సందు మిగిలిపోతుంది. అది చూసి ఆ పిల్ల పకపకా నవ్వింది.

"ఆచారప్పా, మా ఊళ్ళో మా ఇల్లు మూడో అంతస్తు. లిఫ్ట్ ఉండాది. గుండ్రం ఇల్లు నేను ఈడనే చూసినాను."

"మీ అవ్వోళ్ళ ఇల్లు?"

"అవ్వది కూడా పలక ఇల్లే. రేకు ఇల్లు."

నాకూ నవ్వాగలేదు. నవ్వు ఆగాక ఆ పిల్ల వాకిలి వైపు చెయ్యి చూపింది.

"ఈ కొయ్య ఎందుకు అప్పా?"

నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు, మా తెలుగు కలిపి చెప్పాను. గడప మీద లక్ష్మి ఉంటుంది, అది తొక్కకూడదు, దాటాలి అని.

ఆ పిల్ల ఆలోచించి, వెక్కిరింత ఏమీ లేకుండా అడిగింది. "లక్ష్మి ఈడ కూర్చుంటే నేను ఎట్ల పోవాల?"

ఏం చెప్పను! స్క్రూలు వెతుక్కుంటున్నట్టు నటించాను. మళ్ళీ అడిగింది, "మీ ఇంట్లో నడవలేని వాళ్ళు లేరా?"

"లేరు" అన్నాను. అబద్ధం చెబుతున్నానని ఆ క్షణంలో నాకు తోచనే లేదు. అమ్మ నా లెక్కలో నడవలేని మనిషి కాదు, ఇంటిపట్టున ఉండే మనిషి.

రెండు నెలలు తిరగకముందే ఆఫీసులో గొడవ మొదలైంది. ఆయమ్మకు నడుము పట్టేసి రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులూ ఆ పిల్ల క్లాసుకు పోలేదు. హాస్టలు మేనేజరు నన్ను పిలిచాడు.

"ఆచారీ, ఆ పిల్ల ఎవరి సాయం లేకుండా లోపలికి బయటికి పోయేటట్టయితేనే పెట్టుకుంటారంట. నెలాఖరు దాకా చూస్తారంట. లేకుంటే వాళ్ళింటికి రాసి పంపించేస్తారు. ఆ గడప తీసేయప్పా, ఎంత పని?"

ఎంత పనో చెబుతాను. ఒక గంట. రంపంతో రెండు వైపులా కోసి, గునపంతో ఎత్తి, మిగిలిన ముక్కలను ఉలితో చెక్కి, సిమెంటు పూయడం. అంతే. ముప్పై ఏళ్ళ వడ్రంగికి అది పనే కాదు. కానీ ఆ మాట వినగానే నా కళ్ళ ముందు మా అమ్మాయి కడుపు కనబడింది. పోయిన ఏడాది ఆసుపత్రి వరండాలో అది గోడకు తల ఆనించి కూర్చున్న తీరు కనబడింది.

"తీయకూడదు సార్" అన్నాను. "గుండ్రటి గోడ. గడప తీస్తే ద్వారబంధం వదులైపోతాది. గోడ పగులుతాది. పైన కప్పు బరువు ఉండాది గదా."

అంతా పచ్చి అబద్ధం. ఆ గోడ మోసేది గడప కాదు, పునాది. మేనేజరుకు చెక్క తెలియదు, నేను తెలిసినవాణ్ణి. తెలిసినవాడు చెప్పాక ఎదురేముంటుంది? "అట్లనా?" అని తల గీరుకున్నాడు. "మరి ఏం చేస్తావప్పా?"

"చెక్కతో వాలు పలక చేసి ఇస్తాను సార్. కుర్చీ దాని మీద ఎక్కి దిగుతాది."

ఆ పలకలకు నా విద్యంతా ధారపోశాను. ఆ మాట మాత్రం నిజం. గడపకు బయట ఒకటి, లోపల ఒకటి. చక్రం జారకుండా అడ్డంగా గాట్లు కొట్టాను. చిత్రిక పట్టి అంచులు నున్నగా చేశాను. అన్నీ చేశాను. ఒక్కటే చేయలేదు. పలకను గడపకు మేకులతో బిగించలేదు. బిగించాలని తెలియక కాదు. గడపకు మేకు కొట్టకూడదు. ఊరికే ఆనించి వదిలేశాను. బరువు పలక, కదలదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మొదటిరోజు ఆ పిల్ల ఎవరి సాయం లేకుండా పలక మీద నుంచి లోపలికి పోయింది, బయటికి వచ్చింది, మళ్ళీ పోయింది. ఆయమ్మ చప్పట్లు కొట్టింది. మేనేజరు ఫోనులో వీడియో తీసుకున్నాడు. ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి, "సూపర్ ఆచారప్పా!" అని అరిచింది. నేను సిగ్గు లేకుండా పళ్ళికిలించాను.

తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు మధ్యాహ్నం గట్టి వాన. నేను నేపాలు ఇంట్లో ఉన్నాను. ఆయమ్మ కేక విని పరిగెత్తాను. పలక తడి నేల మీద జారి అడుగు దూరం పోయింది. కుర్చీ గడపకూ పలకకూ మధ్య ఇరుక్కుని పక్కకు ఒరిగిపోయింది. ఆ పిల్ల కుడిచెయ్యి కింద పెట్టి పడింది. ఏడవడం లేదు. వానలో తడుస్తూ, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పళ్ళు బిగబట్టి నా మొహం వైపు చూసింది. నేను కుర్చీని అవతలి వైపు నుంచి లేపడానికి కూడా ముందు గడపను తొక్కకుండా దాటాను. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ దాటడం తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మణికట్టు ఎముక విరిగిందన్నారు. ఆరు వారాలు కట్టు. ఒంటిచేత్తో ఆ కుర్చీ నడవదు. ఆఫీసువాళ్ళకు కావలసింది దొరికింది. బాధ్యత, రిస్కు అని ఇంగ్లీషులో ఏవేవో మాటలు రాసి, ఆ పిల్లను ఇంటికి పంపించేయాలని తేల్చారు. బెంగుళూరులో చదువుకుంటున్న వాళ్ళన్న కారు తీసుకుని వచ్చాడు. పెట్టెలు ఎక్కించడానికి నేనూ వెళ్ళాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో నాకే తెలియదు.

వాళ్ళన్న ఆ పిల్లను రెండు చేతుల మీద ఎత్తుకుని గడప దాటించాడు. కార్లో కూర్చోబెట్టాక ఆ పిల్ల అద్దం దించి నన్ను పిలిచింది.

"ఆచారప్పా, నీ పలక మంచిదే. వాన చెడ్డది."

అప్పుడైనా చెప్పవచ్చు. వాన కాదమ్మా, నేను మేకు కొట్టలేదు, గడప కోయవచ్చు, కోయకూడదని అబద్ధం చెప్పినాను అని. నోటిదాకా వచ్చింది. "పోయిరా అమ్మా, మళ్ళీ వద్దువుగాని" అన్నాను. నా ముక్కు మీది కోపం, నా రొమ్ము విరుపు ఎక్కడికి పోయాయో! కారు హైవే ఎక్కేదాకా ఆయమ్మ చెయ్యి ఊపుతూనే ఉంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ కొయ్య తీసేసి ఉంటే పోయేది గదా అప్పా" అంది. తప్పు పట్టి కాదు, ఊరికే అంది.

ఆమె వెళ్ళిపోయాక పనిముట్ల సంచి తెచ్చుకున్నాను. ఎవరినీ అడగలేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగానే గడప కోశాను. రంపం పెడితే వేపచెక్క చేదు వాసన కొట్టింది. కింద నేను పెట్టిన నవధాన్యాల మూట బూజు పట్టి నల్లబడి ఉంది. గోడ పగలలేదు. ద్వారబంధం వెంట్రుక వాసి కూడా కదలలేదు. సిమెంటు పూసి చేతులు కడుక్కునేసరికి గంట కూడా కాలేదు. మేనేజరు వచ్చి నున్నటి నేల చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. మంచం మీద కూర్చుని ఉన్నది కాస్తా వాకర్ పట్టుకుని లేచింది.

"కోసినావా? బిడ్డ తొమ్మిదో నెలలో ఉండాదని తెలిసి కూడా కోసినావా? నీకు బుద్ధి ఉండాదా?"

తిట్టినంతసేపూ తిట్టనిచ్చాను. తర్వాత ఆ పిల్ల సంగతంతా మొదటి నుంచి చెప్పాను. అబద్ధం సంగతి, మేకు సంగతి, వాన చెడ్డదన్న సంగతి. అమ్మ మెల్లగా కూర్చుంది. మా వాకిలి వైపు చూసింది. మా ఇంటి గడప మా నాన్న చెక్కినది, ఆరంగుళాల ఎత్తు, రెండు చివర్లా పద్మాలు.

"నేను ఆ గడప దాటి ఎన్నాళ్ళయిందిరా?"

"మొన్న పండక్కి అరుగు మీద కూర్చోబెట్టినాను గదా మా."

"ఎత్తి కూర్చోబెట్టినావు. నేను దాటినానా?"

ఈ నాలుగేళ్ళలో అమ్మ ఒక్కసారి కూడా బయటికి పోతానని అనలేదు. ఆమెకు ఇంట్లోనే బాగుందని నేను అనుకున్నాను. నేను అనుకోవడమే, అడిగింది లేదు. సంచిలో నుంచి రంపం తీశాను.

"వద్దు నాయనా" అంది గాభరాగా. "కాన్పు కానీ. మూడు వారాలే గదా. అప్పుడు కొయ్యి. ఇన్నాళ్ళు ఉన్నదాన్ని, ఉండలేనా?"

"ఆ పిల్లను కూడా ఇట్లనే ఆపినాను మా."

వంటింటి గుమ్మంలో నుంచి మా అమ్మాయి అంతా వింటున్నట్టుంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా వచ్చింది.

"కొయ్యి నాయనా. నా బిడ్డ పేరు చెప్పి అవ్వను లోపల పెట్టొద్దండి."

కోశాను. నాన్న చెక్కిన పద్మాల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మసకలు కమ్మి రంపం రెండుసార్లు గీత తప్పింది. కాన్పు ఇంకా కాలేదు. నాకు భయం లేదంటే అది ఇంకో అబద్ధం. మా అమ్మాయి నడుము పట్టుకుని లేచినప్పుడల్లా నా చెయ్యి పనిలో ఆగిపోతుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా రెండుసార్లు ఆగింది.

సిమెంటు ఆరిన రోజు పొద్దున అమ్మ వాకర్ తీసుకుని వాకిలి దగ్గరికి వచ్చింది. నేను చెయ్యి ఇవ్వబోతే విదిలించేసింది. గడప ఉన్నచోటికి వచ్చి ఆగి, వాకర్‌ను ఎత్తి అవతల పెట్టి, ఏమీ లేని నేల మీద కాలు ఆరంగుళాలు పైకెత్తి దాటింది. మా అమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ అరుగు మీద కూర్చుని ఆయాసం తీరేదాకా వీధిని చూసింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి పలకరించారు. అందరికీ తలూపింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ పిల్ల పేరేందిరా?"

నేను రంపం తుడుస్తూ ఉన్నాను.

"అడగలేదు మా" అన్నాను.